బారూద్ గదికి ఏసీ మెకానిక్‌ని

హఫర్ అల్ బాతిన్‌లో చలి పెడుతుందంటే మా ప్రొద్దుటూరులో ఎవరూ నమ్మరు. సౌదీ అంటే ఇసుకా ఎండా తప్ప ఇంకేమీ ఉండదనుకుంటారు. జనవరిలో తెల్లవారగానే నీళ్ల పైపు ముట్టుకుంటే అక్కడ వేళ్లు కొంకర్లు పోతాయి. వ్యాన్ అద్దం మీద పేరుకున్న మంచును గీకి బయలుదేరిన రోజులు నాకు గుర్తున్నాయి. అదే ఊళ్లో జూలై మధ్యాహ్నం స్పానర్ ఎండలో మరిచిపోతే, మళ్లీ గుడ్డ చుట్టుకుని తీయాల్సిందే. ఎండాకాలం ఏసీలు, చలికాలం హీటర్లు బాగుచేస్తూ నేను ఆ ఊళ్లో చాలా ఏళ్లు బతికాను.

నన్ను తీసుకెళ్లింది ఒక చిన్న మెయింటెనెన్స్ కంపెనీ. బడులు, దుకాణాలు, ఇళ్లు తిరిగి ఏసీలు చూసేవాళ్లం. ఊరు దాటాక ఎడారిలో అనుమతి తీసుకుని నడిపే ఒక షూటింగ్ క్లబ్ ఉండేది. దాని పని కూడా మాదే. మొదటిసారి వెళ్లినప్పుడు ఆఫీసు ఏసీ చూడమంటారనుకున్నాను. కానీ క్లబ్ మేనేజరు, ముదీర్ అనేవాళ్లం ఆయన్ని, నన్ను వెనకవైపు కిటికీ ఒక్కటే ఉన్న మందపాటి గోడల గదికి తీసుకెళ్లాడు. అక్కడ తెల్లగడ్డం పెద్దాయన ఒకడు బల్ల ముందు కూర్చుని, చిన్న తక్కెడలో నల్లటి గింజల్లాంటి తుపాకీ మందు తూస్తున్నాడు.

ఆయన సైన్యంలో ఆయుధాలు చూసుకునే పని చేసి రిటైరైన మనిషి. క్లబ్‌లో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను. పోటీలకు వెళ్లే సభ్యులు కాల్చేసిన ఇత్తడి గొట్టాలు తెచ్చి ఇస్తే, వాటిని శుభ్రం చేసి, మళ్లీ మందు నింపి, గుండు బిగించి, ఒక్కొక్కరి తుపాకీకి సరిపోయేలా తూటాలు కట్టేవాడు. కొట్లో కొన్న చొక్కాకీ కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాకీ ఎంత తేడానో, కొన్న తూటాకీ ఆయన కట్టిన తూటాకీ అంత తేడా అనేవాళ్లు.

ముస్లింలమైనా మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ అంతంతమాత్రం. అరబీ అయితే పనిలో పడి నేర్చుకున్నదే. అయినా తుపాకీ మందును ఆయన ‘బారూద్’ అనగానే అర్థమైంది. మా నాయన కూడా ఆ మాటే అనేవాడు. ఆ ఒక్క మాట ధైర్యంతోనే ఆయన్ని అడిగాను.

"ఉస్తాద్, ఈ ఎడారిలో మనుషులే ఎండకు తట్టుకుంటున్నారు కదా. ఈ డబ్బాలకు ఏసీ ఎందుకు?"

ఆయన నవ్వలేదు. గదిలోంచి కొన్ని తూటాలు, ఎండలో నిలబెట్టిన తన పికప్ సీటు మీంచి కొన్ని తూటాలు తీసుకుని, నన్ను రేంజ్‌కి రమ్మన్నాడు. అన్నీ ఒకేరోజు, ఒకే కొలతతో కట్టినవే. గదిలో ఉన్నవి ముందు కాల్చాడు. కాగితం మీద చిల్లులన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి. తుపాకీ చల్లారేదాకా ఆగి, ఎండలో ఉన్నవి కాల్చాడు. అవి ఇంకాస్త పైన పడ్డాయి.

"చూశావా ముహందిస్," అన్నాడు. ముహందిస్ అంటే ఇంజనీరు. అక్కడ పనిముట్టు పట్టుకున్న ప్రతివాణ్ణీ అలాగే పిలుస్తారు. "బారూద్ వేడెక్కితే దానికి తొందర పుడుతుంది. గబగబా మండుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది, గుండు ఇంకా వేగంగా పోతుంది. జనవరి పొద్దున ఇదే తూటా బద్ధకంగా మండుతుంది, గుండు కింద పడుతుంది. చలికాలంలో అంచుదాకా నింపి, బాగుంది కదా అనుకుని, అదే కొలత జూలైలో కాల్చామనుకో, తుపాకీకీ ప్రమాదం, పట్టుకున్నవాడికీ ప్రమాదం."

బారూద్‌లన్నీ ఒకేలా ఉండవని కూడా ఆయనే చెప్పాడు. కొన్ని ఎండకూ చలికీ పెద్దగా లొంగవట. కొన్ని బాగా లొంగుతాయట. డబ్బా మీద ఏం రాసినా, మన తుపాకీతో మన ఎడారిలో కాల్చి చూసుకున్నదే లెక్క. గదిలో చల్లగా దాచినంత మాత్రాన సరిపోదు. కాల్చి కాల్చి కాగిపోయిన తుపాకీలో తూటా పెట్టి కబుర్లు చెబుతూ కూర్చుంటే, అది కూడా వేడెక్కుతుంది. "నీ పని గదిదాకా. ఆ తర్వాత పని కాల్చేవాడిది. నీ సగం నువ్వు సరిగ్గా చెయ్," అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. అప్పటిదాకా నేను చల్లబరిచిందంతా మనుషుల్నే. వాళ్లు చల్లగా లేదంటారు, మరీ చల్లగా ఉందంటారు, ఎప్పుడూ తృప్తిపడరు. ఆ గదికి కావాల్సింది ఏడాది పొడుగునా ఒకే తీరు. ఎండాకాలం వేడి రాకూడదు, చలికాలం చలి రాకూడదు. దాన్ని నా సొంత ఇంటి ఏసీలా చూసుకున్నాను. ఆయన నాకు ఖావా, అదే అరబ్బుల కాఫీ, పోసేవాడు, ఖర్జూరం గిన్నె నా వైపు జరిపేవాడు. అప్పుడప్పుడూ తన కూతురి గురించి చెప్పేవాడు. ఆయనకు ఉన్నది ఒక్క కూతురే. చిన్నప్పుడు ఎడారిలోకి వెంట తీసుకెళ్లేవాడట. పికప్ నీడలో కూర్చుని థర్మామీటరు చూసి చెప్పడం ఆ పిల్ల పని. "ఇప్పుడు కాలేజీ అయిపోయింది. ఇక్కడ పనిచేస్తానంటుంది. మగాళ్లు వచ్చే చోటు, నేను ఒప్పుకోలేదు," అన్నాడొకసారి.

అప్పట్లో నా భార్యా పాపా నాతోనే ఉండేవాళ్లు. తర్వాత లెవీలు వచ్చాయి. తెచ్చుకున్న భార్యాబిడ్డల్లో ఒక్కొక్కరికీ నెలనెలా ఇంత కట్టాలన్నారు, అది ఏడాదికేడాది పెరుగుతుందన్నారు. మా బిల్డింగ్‌లో కుటుంబాలు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. మెట్ల మీద పిల్లల చెప్పులు కనిపించడం మానేశాయి. ఒకరోజు నా భార్యే ఆ మాట ఎత్తింది.

"మేం పోతాంలే. పాపను ఆడే బడిలో చేర్పిస్తా. నువ్వు ఇంగ కొన్నాళ్లుండి రా."

"ఒక్కడినే ఎట్లుండేది?"

"అందరూ ఎట్లుండారో అట్లే. నువ్వు అన్నం వండుకోవడం రానోనివేం కాదు గదా."

నవ్వుతూనే అంది. కానీ విమానం ఎక్కే రోజు పాప నా చొక్కా జేబు పట్టుకుని వదలకపోతే, వేళ్లు విడిపించింది ఆమే. నేను ఆ పని చేయలేకపోయాను.

వాళ్లు వెళ్లాక కంపెనీ కూడా కుంటుపడింది. నితాఖత్ అనే సర్కారు నిబంధన ప్రకారం ప్రతి కంపెనీలో సౌదీవాళ్లు ఇంతమంది ఉండాలి. మా కంపెనీలో అంతమంది లేరు. పైగా విదేశీ పనివాడు ఒక్కొక్కడి మీదా లెవీ. ఆ లెక్కన సర్కారు కంపెనీలకు రంగులిస్తుంది; పసుపు రంగులో ఉన్న మా కంపెనీ ఎరుపులోకి పడిపోయింది. మా కఫీల్, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని, చెడ్డవాడు కాదు. నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ చెప్పాడు.

"ఇక్కడ ఉండేందుకు నీకున్న ఇకామా ఇక రెన్యూ కాదు. అది అయిపోయేలోపు నిన్ను ఎవరైనా తీసుకుంటే వెళ్లిపో, నేను అడ్డం రాను. ఎవరూ దొరక్కపోతే దేశం విడిచిపోయే ఖురూజ్ వీసా కొట్టించి ఇంటికి పంపిస్తాను."

ఎవరు తీసుకుంటారు? ఊళ్లో సగం కంపెనీలది అదే పరిస్థితి. నాకు తోచిందల్లా ఒక్క ఉస్తాదే. ఆయన ఒక మాట అంటే క్లబ్ ముదీర్ కాదనడు. అడగాలని వెళ్లాను. అడిగేలోపే ఆయనే నన్ను అడిగాడు.

"గది చల్లదనం నిలవడం లేదు, ముహందిస్. నా తూటాలు చెదిరిపోతున్నాయి."

అది జూన్. సభ్యులు గొణుగుతున్నారట. ఎప్పుడూ ఒకే చోట పడే గుళ్లు ఇప్పుడు ఒకటి పైకి, ఒకటి కిందికి పడుతున్నాయట. నేను గ్యాస్ చూశాను, థర్మోస్టాట్ చూశాను, ఫిల్టర్లు కడిగాను. అన్నీ బాగానే ఉన్నాయి. సరే, చిన్న తేడా ఏదైనా ఉందేమోనని గది మూలల్లో నా సొంత థర్మామీటర్లు పెట్టి వచ్చాను. వారం తర్వాత మళ్లీ పిలిచాడు. వెళ్లి చూస్తే అన్ని మూలల్లోనూ ఒకే అంకె. గది నిలకడగా ఉంది.

నేను అక్కడ ఉండగానే సభ్యుడొకడు వచ్చాడు. సైన్యంలో పనిచేసే యువ అధికారి. తుపాకీ బల్ల మీద పెట్టి, బోల్టు వెనక్కి లాగడానికి అరచేత్తో కొట్టాల్సి వచ్చిందని చెప్పాడు. బయటికొచ్చిన ఖాళీ గొట్టం చూపించాడు. అడుగున మందుకు నిప్పంటించే చిన్న బిళ్ల, ప్రైమర్, గుండ్రంగా ఉండాల్సిన దాని అంచులు చదునుగా నలిగిపోయి ఉన్నాయి. ఒత్తిడి ఎక్కువైందనడానికి అవి గుర్తులని ఉస్తాదే నాకు చెప్పి ఉన్నాడు.

"కారులో ఎండలో వదిలేసి ఉంటావు," అన్నాడు ఉస్తాద్.

"లేదు ఉస్తాద్. మీరు చెప్పినట్టే చల్లటి పెట్టెలో పెట్టుకొచ్చాను. తుపాకీ కూడా వేడెక్కలేదు. అదే మొదటి తూటా."

ఉస్తాద్ బల్ల వైపు తిరిగి తక్కెడ ముందు కూర్చున్నాడు. ఏదో నిరూపించాలన్నట్టు మందు తూయడం మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడ్డాను. అంతకుముందు ఎన్నిసార్లో చూశాను గానీ, ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. ఆయన ముఖం దాదాపు తక్కెడకు తగులుతోంది. తల ఒకసారి కిటికీ వెలుగు వైపు, ఒకసారి ఇటు వంచుతున్నాడు. తక్కెడ ముల్లు గీతకు పైన ఆగింది. "తమామ్," అన్నాడు ఆయన, సరిపోయిందని. ఆ మందు గొట్టంలో పోసేశాడు. తర్వాతది తూస్తే ముల్లు గీతకు కింద ఆగింది. దానికీ తమామ్ అన్నాడు.

అప్పుడు ఆయన కళ్లు చూశాను. నల్లగుడ్ల మీద పాలపొర కమ్మి ఉంది.

రూముకొచ్చి నా భార్యకు ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను. ఆ ఊళ్లో నా కోసం మాట సాయం చేయగలిగిన మనిషి ఆయనొక్కడే. ఏసీలో ఏదో పార్ట్ పోయిందంటే ఆయనకు గౌరవంగా ఉంటుంది, నాకూ పని ఉంటుంది. కానీ ఆ తూటాలు పేల్చేది మనుషులు. ఏ తుపాకీ ఎవరి ముఖం ముందు పగులుతుందో.

అంతా విని ఆమె అంది. "కండ్ల సంగతి నువ్వు ఎత్తొద్దు. నువ్వు ఏసీ మెకానిక్‌వి. ఏసీ బాగుందని చెప్పు. అంతమాత్రం చెప్పేదానికి భయమెందుకు? మిగతాది ఆయప్పకే తెలుస్తాది."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు.

"ఉస్తాద్, ఏసీ బాగుంది."

"ఇంకోసారి చూడు."

"చూశాను ఉస్తాద్. అన్ని మూలల్లోనూ చూశాను. గదిలో ఏ తేడా లేదు."

"అయితే తేడా ఎక్కడుంది?" గొంతు పెంచాడు. "నా బారూద్ చెడ్డదా? నా చేతులు చెడ్డవా? చెప్పు!"

మా ఆవిడ చెప్పమన్నంత వరకే ఆగుదామనుకున్నాను. కానీ ఆయన నిలదీసి అడుగుతున్నాడు. "నిన్న ముల్లు గీత దగ్గర ఆగలేదు ఉస్తాద్," అన్నాను. "నాకు పైన కనిపించింది. మీకు తమామ్ అనిపించింది."

ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. నన్ను ఎంతవరకు చూడగలిగాడో నాకు తెలియదు. "బయటికి పో," అన్నాడు మెల్లగా. నేను సంచి తీసుకుని బయటికొచ్చాను. వెనకాల తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత క్లబ్ నుంచి పిలుపు లేదు. జూలై గడిచింది. ఇకామా గడువు దగ్గరపడింది. నేను పెట్టె సర్దడం మొదలుపెట్టాను. పాపకు ఒక రంగు పెన్సిళ్ల డబ్బా, మా అమ్మకు దుప్పటి కొన్నాను. కఫీల్ దగ్గరికి పోయి ఖురూజ్ సంగతి మాట్లాడదామనుకున్న రోజునే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడగొంతు. నాకు అర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి అరబీ మాట్లాడుతోంది.

"నేను ఉస్తాద్ కూతుర్ని. నాన్న రియాద్‌లో ఉన్నారు. కళ్లకు ఆపరేషన్ అయింది. బారూద్ గది ఏసీ సర్వీస్ చేయాలి. మీరు రాగలరా?"

నేను వెళ్లేసరికి గది తలుపు బార్లా తెరిచి ఉంది. ముదీర్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల నల్ల అబాయాలో, ముఖానికి నిఖాబ్‌తో, ఉస్తాద్ కూతురు అదే బల్ల ముందు పనిచేస్తోంది. ఆ వేసవిలో వాళ్ల నాన్న కట్టిన తూటాలన్నీ సభ్యుల దగ్గర్నుంచి వెనక్కి తెప్పించారట. వాటిని ఒక్కొక్కటే విప్పి, మందు మళ్లీ తూస్తోంది.

నేను ఏసీ విప్పి శుభ్రం చేస్తుంటే, తల తిప్పకుండానే చెప్పింది. "ఆ రోజు మిమ్మల్ని పంపేసి నాన్న ఇంటికొచ్చారు. సాయంత్రం తక్కెడ తెచ్చి నా ముందు పెట్టి, తను తూసి, ముల్లు ఎక్కడుందో చెప్పమన్నారు. పైన ఉందన్నాను. ఇంకోటి తూశారు. కింద ఉందన్నాను. చిన్నప్పుడు థర్మామీటరు చదవమన్నప్పుడు కూడా నాన్న నన్ను ఎప్పుడూ రెండోసారి అడగలేదు. ఆ రోజూ అడగలేదు. మర్నాడు తనే నన్ను ఇక్కడికి తీసుకొచ్చారు."

గుమ్మంలోంచి ముదీర్ అందుకున్నాడు. "తీసుకొచ్చి నాతో ఏమన్నాడో తెలుసా? నా పని ఈ దేశంలో చేయగలిగింది ఇది ఒక్కతే, పెట్టుకుంటావా, లేక గది మూసేస్తావా అన్నాడు."

ఆ అమ్మాయి పేరు క్లబ్ ఉద్యోగుల్లో చేరింది. సౌదీ ఉద్యోగి ఒకరు పెరిగినందుకు క్లబ్ పచ్చరంగులోకి వచ్చింది. పచ్చలో ఉంటే బయటినుంచి ఒక విదేశీ పనివాణ్ణి తీసుకోవచ్చు. ఇదంతా నాకు ఉస్తాద్ రియాద్ నుంచి తిరిగొచ్చిన రోజు తెలిసింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని కారు దిగాడు. నన్ను చూసి నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"ఆ రోజు నిన్ను బయటికి పొమ్మన్నాను."

"ఫర్వాలేదు ఉస్తాద్."

"ఫర్వా ఉంది. నేను కట్టిన తూటా ఎవరి కళ్లనైనా తీసేసి ఉంటే, నేను బతికుండి ఏం ప్రయోజనం?" అని, ముదీర్ వైపు తిరిగాడు. "ఏసీ బాగుందని చెప్పి వెళ్లిపోయిన మెకానిక్‌ని నా జన్మలో చూడలేదు. ఎవడొచ్చినా ఏదో ఒకటి మార్చాలంటాడు. ఇతను నాకు కావాలి."

ముదీర్ నవ్వేశాడు. కఫీల్ మాట మీద నిలబడ్డాడు, అడ్డం రాలేదు. మక్తబ్ అమల్, అదే లేబర్ ఆఫీసు, చుట్టూ ముదీర్ తనే తిరిగాడు. ఇకామా గడువు తీరకముందే నఖల్ కఫాలా, అంటే నా పూచీ క్లబ్ పేరుకు మారడం, అయిపోయింది. కొత్త కార్డు చేతికొచ్చిన రోజు నేను క్లబ్ గోడ నీడన కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను.

"ఏమైంది? వచ్చేస్తాండావా?" అని కంగారుగా అడిగింది నా భార్య.

"లేదు. ఉండమన్నారు."

అటువైపు ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. బహుశా రెండూ.

ఆ క్లబ్‌లో ఇంకా కొన్నేళ్లు పనిచేశాను. బల్ల ముందు కూతురు కూర్చునేది. పక్కన ఉస్తాద్ కుర్చీ. కళ్లు బాగుపడ్డాక కూడా ఆయన తక్కెడ ముట్టుకోలేదు. "నాకు తెలిసింది చెబుతాను, చెయ్యి మాత్రం దానిదే," అనేవాడు. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి ఇద్దరూ రేంజ్‌కి వెళ్లి, కొత్త బారూద్ ఆ చలికీ ఆ ఎండకీ ఎంత లొంగుతుందో కాల్చి చూసుకునేవాళ్లు. తర్వాత్తర్వాత ఆడవాళ్ల కోసం క్లబ్ విడిగా ఒక పూట కేటాయించింది. ఆ పూటకి ఉస్తాద్ అంటే ఆ అమ్మాయే.

ఒక చలికాలం నా భార్యా పాపా విజిట్ వీసా మీద వచ్చారు. ఉస్తాద్ మమ్మల్ని ఇంటికి పిలిచాడు. లోపలి గదిలోంచి ఆడవాళ్ల నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా తిరిగొచ్చేటప్పుడు నా భార్య చేతికి గోరింటాకు, పాప ఒళ్లో ఇంత ఖర్జూరాల డబ్బా. "ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోని ఏందో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా నాకు ఏడుపొచ్చింది," అంది దారిలో.

నేను చివరిసారి ఆ ఊరు వదిలి వచ్చేటప్పుడు ఉస్తాదే తన పికప్‌లో నన్ను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాడు. ఇంటి దగ్గర ఏం చేస్తావని అడిగాడు. ఏసీల షాపు పెట్టుకుంటానన్నాను. మీ ఊళ్లో ఎండ ఎంత అన్నాడు. చెప్పాను. "అయితే నీకు అన్నానికి లోటు లేదు," అని నవ్వి, నా నుదుటి మీద ముద్దుపెట్టాడు. అక్కడ పెద్దవాళ్ల నుదుట చిన్నవాళ్లు ముద్దుపెట్టడం చూశాను గానీ, పెద్దవాళ్లు పెట్టడం ఎప్పుడూ చూడలేదు.

పరాయి దేశంలో బతికినవాళ్ల దగ్గర చేదు కబుర్లు చాలానే ఉంటాయి. నా దగ్గరా కొన్ని ఉన్నాయి. కానీ నమాజ్ తర్వాత చేతులెత్తినప్పుడు అవేవీ గుర్తుకు రావు. మా అమ్మ, నా భార్య, మా పాప, వాళ్ల వెంటనే ఆ తండ్రీకూతుళ్లు నా నోట వస్తారు. వాళ్ల ఇంట్లో అందరూ చల్లగా ఉండాలని అడుగుతాను.